సూది తీయకు తమ్ముడూ

చిరంజీవి తమ్ముడికి, నరసాపురం నుంచి అక్క దీవెనలు.

మరదలి పెద్దకర్మ నాడు నీతో రెండు మాటలు మాట్లాడదామనే కూర్చున్నాను. భోజనాల బంతులు తెమలకముందే, చీకటి పడితే రేవు దాటించే పంటు దొరకదని అబ్బాయి నన్ను లేవదీశాడు. నిన్న రాత్రి ఫోనులో అడిగావు కదా, కోడలు అలమర ఖాళీ చేద్దామంటోంది, ఏం చేయమంటావని. అది ఫోనులో తేలే మాట కాదు. అందుకే రాస్తున్నాను.

ఏదీ తీయనివ్వకు. ఆబ్దికం వెళ్ళేవరకు అలమర జోలికి పోవద్దన్నానని చెప్పు. కోడలి తప్పు లేదు, చూసినప్పుడల్లా నువ్వు బెంగపడతావని ఆ పిల్ల భయం. మీ బావ పోయినప్పుడు నేనూ అదే తొందర పడ్డాను. కాలువ లాకుల దగ్గర తలుపులెత్తి దించే లస్కరుగా 31 ఏళ్ళు తొడిగిన ఖాకీ చొక్కాలు, నెల తిరగకుండానే మూట కట్టి అడిగినవాళ్ళకు ఇచ్చేశాను. ఆ ఏడు సార్వా కోతలకు ముందు పాలకొల్లు వెళ్తుంటే ఒక చేలో దిష్టిబొమ్మ ఒంటి మీద ఖాకీ చొక్కా కనిపించింది. ఆటో ఆపించి గట్టు దిగి చూశాను. ఎడమ జేబుకు నేను నల్లదారంతో వేసిన కుట్టు అలాగే ఉంది. ఆ రైతును అడిగి తెచ్చుకోవచ్చు. ఏమని అడగను? మళ్ళీ వచ్చి ఆటో ఎక్కాను.

మందులు మాత్రం ఈ రోజే తీసెయ్యి. మాత్రల డబ్బాలు, ఆక్సిజన్ గొట్టం, మంచం పక్క బకెట్టు, ఏదీ ఉంచకు. అవి కళ్ళెదుట ఉన్నంతకాలం మరదలంటే నీకు ఆఖరి రెండు నెలలే గుర్తొస్తాయి. 46 ఏళ్ళ కాపురంలో రెండు నెలలెంత?

కాగితాల పని కూడా ముందే కానిచ్చెయ్యి. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము ఉండదు. ధ్రువపత్రం నకళ్ళు నాలుగైదు తీసుకో, బ్యాంకులో ఒకటి, పింఛను కార్యాలయంలో ఒకటి అడుగుతూనే ఉంటారు. నీ ఖాతాలకు నామినీగా ఆవిడ పేరే ఉండి ఉంటుంది, మార్పించుకో. చేతులు వణికితే అల్లుడిని వెంటబెట్టుకుని వెళ్ళు.

ఫోను సంగతి మరిచిపోకు. మరదలు మనవరాలికి పంపిన మాటలన్నీ అందులో ఉన్నాయి. వాటిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించమని మనవడికి చెప్పు, నంబరుకు రీచార్జి ఆపకు. మీ బావ ఫోను చార్జింగు ఎక్కడం లేదని నేను బాగుచేసే కొట్టులో ఇస్తే, ఆ కుర్రవాడు బాగు చేశాను పిన్నిగారూ అంటూ మొత్తం తుడిచేసి ఇచ్చాడు. ఆయన గొంతు ఇప్పుడు నా దగ్గర లేదు.

ఇక అసలు చెప్పాలనుకున్నది. పెద్దకర్మ నాడు వచ్చినవాళ్ళంతా మరదలు మహాలక్ష్మి అనీ, ఏనాడూ పల్లెత్తు మాట అని ఎరగదనీ అంటుంటే నువ్వు తల ఊపుతూ కూర్చున్నావు. తమ్ముడూ, ఆ వంటింట్లో అరిచే అరుపు నేను పంటు దిగుతుండగానే వినిపించేదని వేళాకోళం చేసుకునేవాళ్ళం కాదూ? తనతో చెప్పకుండా గేదెను అమ్మావని పదకొండు రోజులు నీతో మాట్లాడలేదు. అన్నం మాత్రం వేళకు పెట్టింది, అదీ కంచం కొంచెం గట్టిగా చప్పుడయ్యేలా. ఆ మనిషిని పోగొట్టుకున్నావు నువ్వు. పటంలో దండ వేసిన మహాలక్ష్మిని కాదు. పిల్లల దగ్గర పొగడ్తలు చెప్పకు, గేదె కథ చెప్పు. మా మనవలు తాతయ్య మంచివాడంటే వినరు. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు తాతయ్య మూడు రాత్రులు ఇంటికి రాలేదనీ, నాలుగో రోజు వచ్చి గుమ్మంలో బురద కాళ్ళతోనే నిద్రపోయాడనీ, ఆ గుమ్మం కడుక్కోవడానికి నేను తిట్టిన తిట్లూ చెబితే నోరు తెరుచుకుని వింటారు.

హైదరాబాద్ రమ్మని కొడుకు అంటాడు. ఈ ఏడు వెళ్ళకు. నన్నైతే బొట్టు పెట్టి పేరంటానికి పిలవడం మానేశారు, నీకు ఆ బాధ లేదు. అయితే నాకు వంట వచ్చు, నీకు కాఫీ కలుపుకోవడం కూడా రాదు. నేర్చుకో. మిగిలిన పాత ఆవకాయను జాడీలో దాచుకోకు, తినెయ్యి. బూజు పట్టాక ఏడ్చి లాభం లేదు. ఈ వేసవిలోనే కొత్తది నువ్వే పెట్టు. ముక్కలో జీడి తీసి, టెంకకు అంటుకున్న పలచటి పొర గోటితో లాగి, పొడిబట్టతో తుడవాలి. కారం, ఉప్పు, ఆవపిండి మరదలి ఇత్తడి గిద్దెతోనే కొలువు, గ్రాముల లెక్కన దానికి రుచి రాదు. పక్కింటి పిన్నిగారు ఏటా ఆవిడతో కలిసి పెట్టేవారు కదా, ఎన్ని గిద్దెలో ఆవిడను అడిగి రాసుకో. మూడో రోజు తిరగకలపడం మరిచిపోకు.

నేను చేసేది ఒకటి చెబుతాను, నవ్వకు. ఇప్పుడు కాలువలు కట్టేశారు కదా. జూన్‌లో మళ్ళీ వదిలినప్పుడు మొదటి నీళ్ళు నురగ, ఎండుటాకులు, గుర్రపుడెక్క తోసుకుంటూ వస్తాయి. మీ బావ ఏటా వంతెన మీద నిలబడి చూసేవారు. మెట్లు దిగి చెయ్యి ముంచి, "వచ్చింది" అని ఒక్క మాట అని ఇంటికొచ్చేవారు. ఆయన పోయాక రెండేళ్ళు కాలువ వైపే వెళ్ళలేకపోయాను. మూడో ఏడు వెళ్ళాను. మెట్లు దిగడానికి మోకాళ్ళు ఒప్పుకోలేదు, పైనుంచే చూసి తలుపులకు తుప్పు పట్టిందని ఆయనకు చెప్పి వచ్చాను. ఇప్పుడు ఏటా వెళ్తున్నాను. తద్దినం నాడు పంతులుగారి తొందరలో నాకు ఆయన అంతగా గుర్తుకురారు. నీకు కూడా అలాంటిది ఒకటి ఉంటుంది, అది అంతర్వేది తీర్థమో, సాయంత్రం అరుగో. ఇప్పుడే వెతకకు.

ఆ కిటికీ దగ్గర బుట్టలో మరదలు సగం అల్లిన లేసు ఉంది, నేను చూశాను. 2024లో మన నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివి వినిపిస్తే, "అందుకని దారపు ఉండకు కూలి ఎంత కలుపుతారట వదినా?" అంది. ఆ బుట్టను ఎవరూ కదపకుండా చూడు. సూది ఇంకా ఆఖరి కన్నులోనే ఉంది. అది లాగితే అల్లికంతా వీడిపోయి దారమే మిగులుతుంది. ఆదివారం ఉదయం మొదటి పంటుకే వస్తాను. వచ్చి నేనే ఆ కన్నులోంచి దారం దూర్చి ముడి వేసి, సూది తీస్తాను. మిగతాది అల్లను.

రేవు దగ్గరకు రావద్దు, ఎండలు ముదిరాయి. కాఫీ మాత్రం నువ్వే కలిపి ఉంచు.

మీ అక్క