ముందు తేదీ కుదరాలి: ఆల్ప్స్ యాత్రా వ్యాసం రాస్తున్న తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. ఉత్తర ఇటలీలోని దక్షిణ టిరోల్‌లో పది రోజుల సెలవు ఎలా ప్లాన్ చేసుకోవాలో చెబుతూ నువ్వు రాసిన వ్యాసం చదివాను. వాక్యం బాగా నడుస్తోంది. కానీ దాన్ని నమ్ముకుని ఎవరూ టికెట్ కొనలేరు. ‘చూడాల్సిన 12 ప్రదేశాలు’ అని మొదలుపెట్టి, ఎప్పుడు వెళ్లాలన్నది చివరి పేరాలో ‘మే నుంచి అక్టోబరు వరకు అనుకూలం’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఆల్ప్స్ గురించి రాసేవాళ్లు ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. ముందు తేదీ, తర్వాత మకాం, ఆ రెండూ తేలాకే చూడాల్సినవి. ఈ వరసలో రాస్తే నీ పన్నెండింట్లో సగం వాటంతటవే రాలిపోతాయి, మిగిలినవాటిని తీరిగ్గా చెప్పడానికి చోటు దొరుకుతుంది.

మే సంగతే చూడు. స్కీయింగ్ ఏప్రిల్‌లో ముగుస్తుంది. ఆ తర్వాత చాలా కేబుల్ కార్లను మరమ్మతుల కోసం ఆపేస్తారు. కొన్ని మే చివర్లో, కొన్ని జూన్ నడుమ గానీ మళ్లీ కదలవు. కొండ మీది వసతి గృహాలు, అంటే నడకదారుల్లో భోజనం, పడక దొరికే ‘హ్యూట్టె’లు, ఎత్తైన చోట్ల జూన్ మధ్య తెరిచి సెప్టెంబరు చివర్లోనో అక్టోబరు మొదట్లోనో మూసేస్తారు. మన బడుల వేసవి సెలవులేమో ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ రెండో వారం దాకా. పిల్లలతో బయల్దేరే తెలుగు కుటుంబం సరిగ్గా రెండు సీజన్ల నడుమ ఖాళీలో పడుతుంది. లోయలో ఎండ, పైన మంచు, మధ్యలో ఆగిపోయిన కేబుల్ కారు. ఈ మాట నీ మొదటి పేరాలోనే ఉండాలి. ఆగస్టు 15 ముందూ వెనకా వద్దని కూడా రాయి. అది ఇటలీ అంతా సెలవు పెట్టే ఫెర్రగోస్తో. చాలా హోటళ్లు వారానికి తక్కువైతే గదే ఇవ్వవు.

మనవాళ్లకు అచ్చొచ్చే సమయం దసరా సెలవులు. సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మొదటి వారాల దాకా ఎత్తు పచ్చికబయళ్ల నుంచి పశువులు కిందికి దిగుతాయి. దీన్ని ‘ఆల్మ్‌అబ్‌ట్రీబ్’ అంటారు. ఆ వేసవిలో మందలో ఏ ప్రమాదమూ జరగకపోతే ముందు నడిచే ఆవుకు పూల కిరీటం, పెద్ద గంట కడతారు. జరిగితే అలంకారం ఉండదు. ఈ ఒక్క వివరం రాశావంటే పాఠకుడు ఊరేగింపును వేరే కళ్లతో చూస్తాడు. ష్నాల్స్ లోయ గొర్రెలు సెప్టెంబరులో ఆస్ట్రియా వైపు ఓట్స్ లోయ నుంచి మంచు కనుమలు దాటి ఇంటికొస్తాయి. ఇలాంటి పశువుల వలసను 2019లో యునెస్కో అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అయితే ఆ రోజు వాతావరణాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఒక్క తేదీ కాకుండా వారం రాసి, ఊరి పర్యాటక కార్యాలయంలో కనుక్కోమను.

దసరా ఏటా కదిలే పండగ అని మర్చిపోకు. 2025లో విజయదశమి అక్టోబరు 2న వచ్చింది. అధిక మాసం వల్ల 2026లో అక్టోబరు 20కి జరిగింది. అప్పటికి మందలు దిగిపోయి ఉంటాయి, చాలా ఎత్తు లిఫ్టులు కట్టేసి ఉంటాయి. అలాంటి ఏడాదికి వేరే పథకం ఇవ్వాలి. అక్టోబరు, నవంబరు నెలల్లో ‘ట్యోర్గెలెన్’ ఆచారం: మధ్యాహ్నం చెస్ట్‌నట్ తోపుల మధ్య నడిచి, సాయంత్రం రైతు ఇంటి భోజనశాలలో కొత్త ద్రాక్షసారా, కాల్చిన చెస్ట్‌నట్లు. ఫెల్ట్‌టుర్న్స్ ఊరి మీదుగా సాగే చెస్ట్‌నట్ దారి ఎత్తులో లేదు, ముసలివాళ్లూ నడవగలరు. ఆ భోజనశాలల్లో ముందే బల్ల చెప్పుకోవాలి. శని, ఆదివారాల్లో చెప్పకుండా వెళితే తిప్పి పంపిస్తారు.

వీసా గురించి నువ్వు రాసింది తప్పు. ‘ముందు దిగే దేశానికి దరఖాస్తు’ అన్నావు. షెంగెన్ (ఐరోపా దేశాల ఉమ్మడి వీసా) నియమం ప్రకారం ముఖ్య గమ్యమైన దేశానికే దరఖాస్తు, సెలవు యాత్రలో అది సాధారణంగా ఎక్కువ రాత్రులు గడిపే దేశం. రాత్రులు సమానమైతేనే మొదట ప్రవేశించేది లెక్కకొస్తుంది. జర్మనీలోని మ్యూనిక్‌లో దిగి, ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో మూడు రాత్రులు, దక్షిణ టిరోల్‌లో ఆరు ఉంటే అది ఇటలీ వీసా. చాలామంది టిరోల్ అనగానే ఆస్ట్రియా అనుకుని అక్కడే దెబ్బతింటారు. దరఖాస్తు ఆరు నెలల ముందు నుంచి ఇవ్వొచ్చు, ప్రయాణానికి 15 రోజుల లోపు పనికిరాదు. వైద్య బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. కొండ నడక ఉంటే హెలికాప్టర్ రక్షణ ఖర్చు అందులో ఉందో లేదో పాలసీలో చూడమను. మామూలు యాత్రా పాలసీలు కొన్ని దాన్ని వదిలేస్తాయి.

మకాం ఒకటి చాలు, మహా అయితే రెండు. నువ్వు పది రోజుల్లో ఐదు హోటళ్లు మార్పించావు. రోజూ పదింటికి గది ఖాళీ చేసి, మూడింటికి ఇంకో ఊళ్లో తాళం తీసుకునే మనిషికి కొండ ఎక్కే పూట ఎక్కడ మిగులుతుంది? కారు లేనివాళ్లకు నా ఓటు బ్రిక్సెన్‌కి. ఆస్ట్రియా నుంచి ఇటలీకి వచ్చే బ్రెన్నర్ రైలు మార్గం మీదుంది, ఈ ప్రాంత రాజధాని బోల్జానోకి అరగంట, ఊరు నడిచి తిరగొచ్చు. చాలా హోటళ్లు అతిథులకు దక్షిణ టిరోల్ గెస్ట్ పాస్ ఉచితంగా ఇస్తాయి. ప్రాంతీయ రైళ్లు, బస్సులు అన్నిట్లో చెల్లుతుంది. దూరప్రయాణపు యూరోసిటీ రైలు ఎక్కితే చెల్లదు. అన్ని హోటళ్లూ ఇవ్వవు కాబట్టి బుక్ చేసేముందే అడగమను. కారు తీసుకునేవాళ్లకు ఒక హెచ్చరిక: జైజర్ ఆల్మ్ పచ్చికబయలుకి వెళ్లే రోడ్డు ఉదయం 9 నుంచి సాయంత్రం 5 వరకు బయటి కార్లకు మూత. కింద జైస్ ఊళ్లో ఆపి కేబుల్ కారు ఎక్కాల్సిందే.

ఊరి పేర్లు రాసేటప్పుడు ప్రతి చోటా జర్మన్, ఇటాలియన్ రెండూ ఇవ్వు. బ్రిక్సెన్ అన్నా బ్రెస్సనోనె అన్నా ఒకటే ఊరు. గ్రోడెన్ లోయలో ఒకే ఊరికి మూడు పేర్లుంటాయి: సాంక్ట్ ఉల్రిఖ్, ఓర్టిసేయి, స్థానిక లాదిన్ భాషలో ఉర్టిజెయ్. బస్సు బోర్డు మీద ఒకటి, హోటల్ రసీదు మీద ఇంకొకటి చూసి కంగారుపడేది పాఠకుడే.

దీనికి వెనకున్న చరిత్రకు నాలుగు వాక్యాలు కేటాయించు, ‘ఇటాలియన్ ఆతిథ్యం’ అన్న మాట కొట్టెయ్. 1919 సాఁ జెర్మాఁ ఒప్పందంతో ఈ ప్రాంతం ఆస్ట్రియా చేతి నుంచి ఇటలీకి పోయింది. ముస్సోలినీ ఏలుబడిలో బడుల్లో జర్మన్‌ను నిషేధించారు. ఇప్పుడున్న స్వయంప్రతిపత్తికి పునాది 1972 శాసనం. 2011 జనగణనలో సుమారు 69 శాతం జర్మన్, 26 శాతం ఇటాలియన్, నాలుగున్నర శాతం లాదిన్ భాషీయులుగా నమోదయ్యారు.

వారసత్వ కట్టడాల దగ్గర నీ వ్యాసం విశేషణాలతో నిండిపోయింది. ‘అద్భుతమైన కేథడ్రల్’ అంటే ఏం కనబడుతుంది? బ్రిక్సెన్ కేథడ్రల్ పక్కనున్న వసారాలోకి పాఠకుణ్ని తీసుకెళ్లు. అక్కడి 15వ శతాబ్దపు గోడచిత్రంలో ఏనుగుంది: గుర్రం ఒంటికి తొండం తగిలించినట్టుంటుంది. చిత్రకారుడు ఏనుగును ఎన్నడూ చూడలేదు. తర్వాత 1551 డిసెంబరులో సులేమాన్ అనే నిజమైన ఆసియా ఏనుగు, వియన్నాకు కానుకగా వెళ్తూ, ఆ ఊళ్లో రెండు వారాలు ఆగింది. అది బస చేసిన సత్రం ఇప్పటికీ ఏనుగు పేరుతోనే హోటల్‌గా నడుస్తోంది. చిత్రం, సత్రం ఒకే సాయంత్రం చూసేయొచ్చు. కాస్త దూరంలో 1142లో స్థాపించిన నోయ్‌స్టిఫ్ట్ మఠం ఉంది. దానికి సగం పూట తీసిపెట్టు.

బోల్జానో మ్యూజియంలోని ఓట్సీ గురించి అంచనా సరిగ్గా పెట్టించు. 1991 సెప్టెంబరు 19న 3,210 మీటర్ల ఎత్తున దొరికిన, దాదాపు 5,300 ఏళ్ల నాటి మనిషి దేహం అది. మైనస్ 6 డిగ్రీల గదిలో ఉంచి, 40 సెంటీమీటర్ల చదరపు కిటికీలోంచి చూపిస్తారు. అరనిమిషం చూపు కోసం వరసలో నిలబడాలి. కాబట్టి అతని రాగి గొడ్డలి, తోలు బట్టలు, గడ్డి కూరిన బూట్ల దగ్గర ఎక్కువసేపు ఆగమను. సోమవారం సెలవు, జులై, ఆగస్టు, డిసెంబరుల్లో మాత్రం ఆ రోజూ తెరుస్తారు. నీ పట్టికలో బోల్జానో సోమవారమే పడింది, అదీ అక్టోబరులో.

నడకల దగ్గర కిలోమీటర్లు మాత్రం ఇస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఆల్ప్స్ లెక్క ఇదీ: చదునున గంటకు 4 కిలోమీటర్లు, ఎక్కడం గంటకు 300 మీటర్లు, దిగడం 500. చదును సమయం, ఎత్తు సమయం విడివిడిగా కట్టి, పెద్దదానికి చిన్నదాంట్లో సగం కలపాలి. 8 కిలోమీటర్లు, 600 మీటర్ల ఎక్కుడు అంటే రెండు, రెండు. మొత్తం మూడు గంటలు. దారి బోర్డుల మీది సమయాల్లోనూ విశ్రాంతి ఉండదు. అలవాటు లేనివాళ్లకు, పిల్లలున్నవాళ్లకు ఇంకో సగం కలిపి రాయి. వేసవిలో మధ్యాహ్నం దాటాక ఉరుములొస్తాయి, అందుకే ఎక్కడం పొద్దున్నే. బట్టల గురించి ఒక్క ఉదాహరణ చాలు: బోల్జానో 262 మీటర్లు, జైజర్ ఆల్మ్ మీది కోంపాచ్ 1,844. ఒకే రోజు పది డిగ్రీల తేడా.

తిండి గురించి ‘శాకాహారం దొరుకుతుంది’ అని ఊరుకోకు. బార్లీ సూప్‌లో సాధారణంగా స్పెక్ ముక్కలుంటాయి, స్పెక్ అంటే పొగబెట్టిన పంది మాంసం. పాలకూర క్న్యోడెల్ (రొట్టెతో చేసే ఉండలు), పాలకూర కూరిన ష్లుట్స్‌క్రాప్ఫెన్ (కజ్జికాయ ఆకారపు పాస్తా)లలో మాంసం ఉండదు గానీ గుడ్డు ఉంటుంది. గుడ్డు తిననివాళ్లకు ఈ మాట ప్రాణం. లోయలోని వంటిళ్లు మధ్యాహ్నం రెండింటికి మూసి సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో తెరుస్తాయి. నడుమ ఆకలేస్తే కొండ మీది హ్యూట్టెలే దిక్కు, అక్కడ నగదు ఉంచుకోవాలి.

లిఫ్టు ధరలు, గది అద్దెలు వ్యాసంలోంచి తీసెయ్, ఏడాదిలో పాతబడతాయి. సవరించిన ప్రతి పంపేటప్పుడు ప్రతి తేదీ పక్కన మార్జిన్‌లో అది ఎక్కడ చూసి రాశావో పెన్సిల్‌తో గుర్తు పెట్టు. అది అచ్చుకి వెళ్లదు, సరిచూడటానికి నాకు కావాలి.

ఇట్లు,
మీ అన్నయ్య