కాంక్రీటు పాంటూన్ల మీద వంతెన ఎలా తేలుతుంది?

పాంటూన్ అంటే లోపల బోలుగా ఉండే, నీళ్లు చొరబడని పెద్ద పెట్టె. తన బరువుకు సమానమైన నీటిని పక్కకు తోసేస్తుంది కాబట్టే కాంక్రీటుతో కట్టినా తేలుతుంది. పైన బరువు పెరిగితే ఇంకాస్త దిగి, అంత బరువున్న నీటినే అదనంగా తోస్తుంది. 100 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పున్న పాంటూన్ ఒక్క సెంటీమీటరు దిగితే చాలు, 20 టన్నుల లారీని మోసేస్తుంది! అమెరికాలోని సియాటిల్‌లో వాషింగ్టన్ సరస్సు మీద 2016లో తెరిచిన తేలే వంతెనకు ఆధారం ఇలాంటి 77 పాంటూన్లే.

పాంటూన్లు సరస్సు అడుగున ఆని ఉంటాయని చాలామంది అనుకుంటారు. కాదు, బరువు మోసేది నీళ్లే. లంగరు తీగలు వాటిని కొట్టుకుపోకుండా పట్టి ఉంచుతాయంతే. అసలు భయం లారీలతో కాదు, లోపలికి చేరే నీటితో: అదే వాషింగ్టన్ సరస్సు మీది మరో తేలే వంతెన 1990లో, మరమ్మతుల సమయంలో, పాంటూన్లలోకి నీరు చేరి మునిగిపోయింది.