ఆడిషన్‌లో స్టెప్ మర్చిపోతే ఏం చేయాలి?

మొదటి ఆడిషన్ దగ్గర పడుతోందనీ, రోజుకి ఎన్ని గంటలు ప్రాక్టీస్ చేయాలనీ, మధ్యలో స్టెప్ మర్చిపోతే ఎలా అనీ అడిగారు. గంటల లెక్క పక్కన పెట్టండి. గ్రూప్ డాన్సర్ల ఆడిషన్లలో చాలాచోట్ల అప్పటికప్పుడు ఓ చిన్న కాంబినేషన్, అంటే కొన్ని స్టెప్పుల వరుస, నేర్పించి, కాసేపటికే నలుగురైదుగురిని నిలబెట్టి చేయమంటారు. అక్కడ చూసేది మీ డాన్స్‌ కన్నా మీరు నేర్చుకునే పద్ధతినే. కాదనేవాళ్లు ఉంటారు, నేను మాత్రం ఒప్పుకోను.

ఆడిషన్లు ఇచ్చీ ఇచ్చీ, తర్వాత అసిస్టెంట్‌గా మాస్టర్ పక్కన నిలబడి కూడా చూశాను. ఓసారి ఇక గ్రూపుల్ని పిలుస్తారనగా మాస్టర్ చివరి రెండు ఎయిట్లు (ఎనిమిదేసి కౌంట్ల ముక్కలు) మార్చేశారు. హాలంతా గొణుగుడు. అందరూ అద్దం ముందు చేరి చేతులు విసరడం మొదలుపెట్టారు. వెనక వరుసలో ఒకబ్బాయి మాత్రం చెయ్యెత్తి, "సార్, నాలుగో కౌంట్‌లో బరువు ఏ కాలి మీద?" అని అడిగాడు. "ఎడమ" అన్నారాయన. అంతే, చేతుల జోలికి పోకుండా పాదాలు మాత్రం మెల్లగా వేసుకుంటూ ఓ మూల నిలబడ్డాడు.

తీరా వాళ్ల గ్రూపు వచ్చేసరికి అతనే తప్పాడు. అందరూ కుడికి తిరిగితే అతను ఎడమకి తిరిగి పక్కమ్మాయికి ఎదురుపడ్డాడు. అయినా ఆగలేదు. చుట్టు పూర్తిచేసి తర్వాతి ఒకటో కౌంట్‌కల్లా వరుసలో కలిసిపోయాడు. అదే గ్రూపులో ఇంకో అమ్మాయి ఒక్క అడుగు తడబడింది. నాకైతే కనపడనే లేదు. కానీ తనే నాలుక కరుచుకుని తల అడ్డంగా ఊపింది. మాస్టర్ ఆమె నంబర్ పక్కన గీత పెట్టింది అప్పుడే. అబ్బాయిని రెండో రౌండ్‌కి పిలిచారు.

కాబట్టి ఇంట్లో వచ్చిన పాటనే వందసార్లు చేయకండి. మీకు తెలియని అర నిమిషం ముక్క ఎవరిచేతనైనా నేర్పించుకుని, అద్దం లేకుండా వాళ్ల ముందే చేయండి. ముందు పాదాలు, తర్వాత ఏ వైపు తిరగాలి, చేతులు ఆఖర్న. మధ్యలో కావాలనే ఓ ఎయిట్ వదిలేసి మళ్లీ ఒకటో కౌంట్‌లో అందుకోవడం కూడా ప్రాక్టీస్ చేయండి. దీన్ని ఎవరూ చేయరు, అందుకే మర్చిపోగానే బొమ్మల్లా నిలబడిపోతారు.

మీ వంతు వచ్చేదాకా పక్కన నిలబడి ప్రతిసారీ ఫుల్ ఎనర్జీతో దూకక్కర్లేదు. చేతివేళ్లతో, చిన్న అడుగులతో స్టెప్పుల్ని సూచనగా వేసుకుంటే, అంటే మార్క్ చేసుకుంటే చాలు. దీన్ని బద్ధకం అనే టీచర్లంటే నాకు ఒళ్లు మంట. 2013లో 'సైకలాజికల్ సైన్స్' పత్రికలో బ్యాలే విద్యార్థుల మీద ఒక అధ్యయనం వచ్చింది. మార్క్ చేస్తూ ప్రాక్టీస్ చేసిన నృత్యాన్నే వాళ్లు తర్వాత మెరుగ్గా చేశారు. అయితే మాస్టర్ "ఫుల్‌గా చేయండి" అన్నాక మార్క్ చేస్తే మాత్రం ఇంటికి పంపేస్తారు.

ఇంకోటి, కారిడార్‌లో స్ప్లిట్స్ వేసి నిమిషాల తరబడి అలాగే కూర్చునేవాళ్లని చూసి బెదిరిపోకండి. ఒకే భంగిమలో నిమిషానికి మించి సాగదీసి వెంటనే ఎగిరితే కండరాల పట్టు కాస్త తగ్గుతుంది. ఒళ్లు వేడెక్కేలా కదులుతూ ఉండండి. వేరే గ్రూపు చేస్తుంటే ఫోన్ తీయొద్దు, టేబుల్ దగ్గరున్నవాళ్లకి అదీ కనిపిస్తుంది. ముందు వరుస పట్టుకుని వదలనివాళ్లతో తగాదా పెట్టుకోవద్దు. ఎలాగూ వరుసలు మార్చమంటారు, వెనక్కి వెళ్లాక వాళ్ల సంగతి తేలిపోతుంది.

ఫలితం సంగతి మాత్రం అడక్కండి. "ఫోన్ చేస్తాం" అంటారు, చేయరు. సెలెక్ట్ కాలేదని ఒక్క మెసేజ్ పెట్టడానికి వాళ్ల సొమ్మేం పోతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నేను అసిస్టెంట్‌గా ఉన్నన్నాళ్లూ అందరికీ పెడదామని పోరేదాన్ని. "అంత టైమెక్కడిది" అనేవారు.