అన్నం మానొద్దు, నూనె కొలువు

చి. రవికి పెద్దమ్మ ఆశీస్సులు.

పొట్ట తగ్గడానికి అన్నం పూర్తిగా మానేశానన్నావు. మళ్లీ మొదలుపెట్టు. మానేసిన మొదటి వారంలో తగ్గే బరువులో చాలావరకు నీళ్లే. కండరాల్లో, కాలేయంలో దాచుకున్న పిండిపదార్థం ఖర్చయినప్పుడు దాంతోపాటు ఉన్న నీరూ పోతుంది. ఆకలికి ఆగలేక ఆదివారం బిర్యానీ తెప్పించుకోగానే మిషను ముల్లు మళ్లీ మొదటికొస్తుంది.

ముందు టేపు తీసుకుని నడుం కొలువు. ప్యాంటు సైజును నమ్మకు, దాన్ని పొట్ట కిందకి దించి కడతారు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యన, నిలబడి, ఊపిరి వదిలాక చూడాలి. మనవాళ్లలో మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు హద్దు. కాళ్లూ చేతులూ సన్నగా ఉండి కొవ్వంతా పొట్టలో చేరే ఒళ్లు మనవి, అందుకే బరువొక్కటే చూస్తే మోసపోతాం.

ఇక అసలు సంగతి నూనె. గ్రాము పిండిపదార్థంలో 4 కేలరీలుంటే గ్రాము నూనెలో 9. కుర్చీలో కూర్చుని పనిచేసే మనిషికి రోజుకు 25 గ్రాములు చాలు. అంటే మీ నలుగురికి నెలకు మూడు లీటరు ప్యాకెట్లు. విప్పిన రోజే ప్యాకెట్ మీద తేదీ రాయండి. పదిరోజులు రాకపోతే ఎక్కడో ఒలుకుతున్నట్టే, బహుశా వేపుళ్లలో. బాండీలోకి ఒంపకుండా చెంచాతో కొలిచి వెయ్యాలి. వంకాయ, బెండకాయల్ని ఉప్పు చల్లి మూతపెట్టి మగ్గనిచ్చి, చివర్లో రెండు చెంచాల నూనెతో వేయిస్తే రుచి ఎక్కడికీ పోదు. నెయ్యీ, ఆవకాయ మీద తేలే నూనే కూడా ఈ లెక్కలోవే, వాటికి మినహాయింపు లేదు.

రాత్రి అన్నం బదులు చపాతీ అంటావేమో. చపాతీకో చెంచా నూనె పోసి కాలిస్తే మూడింటికి 135 కేలరీలు అదనం. పుల్కా అయితే సరే. అన్నమే అయితే పూటకు 75 గ్రాముల బియ్యం వండు. కంచంలో ముందు కూర, పప్పు వడ్డించుకుని ఆ తర్వాత అన్నం పెట్టుకో. పప్పు చిక్కగా ఉండాలి. నీళ్ల చారుతో మాంసకృత్తులు అందవు, రెండు గంటల్లో మళ్లీ ఆకలేస్తుంది.

ఆఫీసులో టీకి రెండు చెంచాల పంచదార చొప్పున నాలుగు టీలు తాగితే దాదాపు 40 గ్రాములు. ఒక్కసారిగా మానేస్తే నిలవదు. వారానికి అరచెంచా చొప్పున తగ్గించు, నాలుక అలవాటుపడుతుంది.

నడకతోనే తగ్గిపోతుందనుకోకు. ముప్పావుగంట చురుగ్గా నడిచి ఖర్చుపెట్టింది ఒక ప్లేటు మిర్చి బజ్జీతో తిరిగొస్తుంది. అయినా నడువు, తగ్గిన బరువు పెరగకుండా నిలబెట్టేది అదే. వారానికి రెండుసార్లు గుంజీలు, దండీలు కూడా తియ్యి, లేకపోతే కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. వారానికి అరకిలో తగ్గితే చాలు. ఎప్పుడూ ఒకే రోజు, పొద్దున పరగడుపున తూచుకో.

రాత్రి రెండింటిదాకా ఫోను చూస్తే మర్నాడు ఆకలి పెరుగుతుంది. గురక పెద్దగా ఉండి పగలు కునుకుపాట్లు పడుతుంటే మాత్రం ఇవన్నీ చేస్తూ కూర్చోక డాక్టరుకు చూపించుకో. నిద్రలో ఊపిరి ఆగుతోందేమో, దాంతోపాటు థైరాయిడ్, షుగరు కూడా పరీక్ష చేయించుకో.

ఇట్లు,
పెద్దమ్మ