ఆయమ్మను ఒక్కసారిగా మాన్పించకండి

ఆయమ్మ చేతుల్లో పెరిగిన 22 నెలల పాపను ప్లేస్కూల్లో చేర్చామని, గేటు దగ్గర ఏడుస్తుంటే ఎలా వదిలి రావాలో తెలియడం లేదని మీరు అడిగారు. మేము ఆంధ్ర సరిహద్దు పక్కనే ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో ఉంటాము. మా బాబును రెండేళ్ళు నిండేవరకు పాతపట్నం నుంచి రోజూ వచ్చే ఒక పెద్దావిడ చూసుకున్నారు. వాడికి ఆవిడ మామ్మ.

ప్లేస్కూల్లో చేర్చిన మొదటి వారం వాడు బొమ్మల్లో పడగానే చెప్పకుండా జారుకునేదాన్ని. దాంతో ఇంట్లో కూడా తలుపు చప్పుడైతే చాలు, నా కొంగు వదిలేవాడు కాదు. తల్లి కనబడకపోతే కలిగే ఈ బెంగ సాధారణంగా ఎనిమిదో నెల ప్రాంతంలో మొదలై, 10 నుంచి 18 నెలల మధ్య ఎక్కువగా ఉండి, తరువాత తగ్గుతుందని పిల్లల వైద్యులు చెబుతారు. కాని చోటూ మనుషులూ ఒకేసారి మారడంతో మావాడికి అది తిరగబెట్టింది.

తరువాత మామ్మనే తోడు పంపాము. ఆవిడ నాలుగు రోజులు గదిలో, మరి నాలుగు రోజులు వరండాలో కూర్చుని, ఆపైన గేటు దగ్గరే "అన్నం తిన్నాక వస్తాను" అని వాడికి చెప్పి వెళ్ళేవారు. గడియారం తెలియని బిడ్డకు అన్నం వేళ తెలుస్తుంది. అయితే ముందు ఆవిడ కూడా, వాడు కాస్త ఏడిస్తే చాలు, ఇంటికి తెచ్చేసేవారు. పని పోతుందన్న భయమే కారణమని మాకు ఆలస్యంగా అర్థమైంది. రెండు నెలలు పూర్తి జీతం ఇస్తామని, ఆ తరువాత కూడా సాయంత్రాలు రావచ్చని చెప్పాక ఆవిడే వాడికి బడి గురించి ముచ్చటగా చెప్పసాగారు.

మాకు తట్టని సంగతి భాష. ఇక్కడ బజారంతా తెలుగు వినిపిస్తుంది కాని, ప్లేస్కూల్లో ఆ గదిని చూసే మావుసీకి (ఆయాకు) ఒడియా తప్ప రాదు. వాడు "బువ్వ" అన్నా "ఉచ్చ" అన్నా ఆవిడకు అర్థం కాక, వాడు తడి నిక్కరుతోనే ఏడుస్తూ ఉండేవాడు. అలాంటి పది మాటలు ఒడియా లిపిలో రాసి సంచికి అంటించాము. ఇంట్లో వాడికి పాణి (నీళ్ళు), భాతొ (అన్నం) అనే ఒడియా మాటలు నేర్పాము. నా ఉద్దేశంలో ఏడుపులో సగం దీనివల్లే తగ్గింది.

మీరు వెళ్ళాక పాప ఎంతసేపు ఏడ్చిందో రోజూ అడిగి రాసుకోండి. ఆ సమయం తగ్గుతూ ఉంటే కొనసాగించండి. రెండు మూడు వారాలైనా తగ్గకపోయినా, ఇంట్లో తిండీ నిద్రా చెడినా, ఒక నెల ఆపి మళ్ళీ గంటసేపటితో మొదలుపెట్టడంలో తప్పేమీ లేదు. మేము చేసినదీ అదే.