ఈట్యాబ్స్‌లో (భవనాల స్ట్రక్చరల్ డిజైన్ సాఫ్ట్‌వేర్) కాలమ్‌లకు, బీమ్‌లకు పేర్లు ఎలా పెట్టాలి?

సెక్షన్ పేరు (ఏ సైజు, ఏ రకం అని చెప్పేది) వేరు, కాలమ్ నంబర్ (ఏ కాలమో చెప్పేది) వేరు. ఈ రెండూ కలిపేస్తేనే తంటా.

సెక్షన్ పేరులో రకం, సైజు, కాంక్రీట్ గ్రేడ్ ఉండాలి. ‘సి300×450ఎం25’ అంటే 300×450 మిల్లీమీటర్ల ఎం25 కాలమ్. బీమ్ అయితే ముందు ‘బి’. సైజు మారిస్తే పేరు కూడా మీరే మార్చాలి. హన్మకొండలో ఒక జీ+3 ఇంటికి 230×450ని 300×450 చేశాం, పేరు పాతదే ఉండిపోయింది; డ్రాయింగ్‌లోకి పాత సైజే వెళ్లింది. కాలమ్ బాక్సులు బిగించకముందే మేస్త్రీ ఫోన్ చేసి అడిగాడు కాబట్టి సరిపోయింది. ఆ రోజు పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తే.

ఇక నంబర్లు. ఒకదానిపై ఒకటి నిలిచే కాలమ్‌లకు అన్ని అంతస్తుల్లో లేబుల్ (అంటే ఆ కాలమ్ నంబర్) ఒకటే, ‘సి5’ అనుకోండి. యూనిక్ నేమ్ (ఒక్కో ముక్కకు ఉండే విడి పేరు) మాత్రం అంతస్తుకొకటి. అందుకే రిజల్ట్స్‌లో అంతస్తు పేరు, లేబుల్ కలిపి చూడండి.