చెమట ఎవరిది?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ చదరంగం కథ రెండుసార్లు చదివాను. ఊరూపేరూ లేని కుర్రాడు పద్దెనిమిదో ఎత్తులో మంత్రిని బలి ఇచ్చి గ్రాండ్‌మాస్టర్‌కి ఆట కట్టించాడని, హాలంతా చప్పట్లతో మోగిపోయిందని రాశావు. అక్కడ నాకు కోపం వచ్చింది. పక్క బోర్డుల మీద ఇంకా ఆటలు నడుస్తుంటే చప్పట్లేమిటి? తీర్పరిగా ఉండే ఆర్బిటర్ ఊరుకుంటాడా?

అసలు నీ గ్రాండ్‌మాస్టర్ కథంతా చిరునవ్వు నవ్వుతూ కూర్చున్నాడు. నలభై ఏళ్లుగా నేను మొత్తుకుంటున్నది ఒకటే: సమానం కాని ఇద్దరి ఆటలో భయమంతా పెద్దవాడిది. లెక్క చూడు. ఆటగాడి బలాన్ని అంకెల్లో చెప్పేది రేటింగ్. 2500 రేటింగ్ ఉన్నవాడు 2100 వాడి మీద గెలిస్తే నిండా ఒక పాయింటు కూడా రాదు. డ్రా అయితే నాలుగు పోతాయి, ఓడితే తొమ్మిది. స్విస్ పద్ధతిలో మొదటి రౌండుకి రేటింగ్‌లో పై సగంవాళ్లకీ కింది సగంవాళ్లకీ జత కడతారు కనుక, పెద్దా చిన్నా అందరూ ఆడే ఓపెన్ టోర్నమెంట్‌కి వెళ్లినప్పుడల్లా ఆయనకి ఈ గండం తప్పదు.

2004లో ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్‌లో మాజీ ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్‌కీ, తర్వాత చాంపియన్ అయిన 13 ఏళ్ల కార్ల్‌సన్‌కీ జరిగిన ర్యాపిడ్ (తక్కువ టైమ్‌లో ముగిసే) ఆట వీడియో చూడు. పిల్లవాడు ఎత్తు వేసి, లేచి పక్క బోర్డులు చూస్తూ తిరుగుతుంటాడు. కాస్పరోవ్ తల పట్టుకుని కూర్చుంటాడు. ఆ ఆట డ్రా అయింది, తర్వాతిది కాస్పరోవే గెలిచాడు. అయినా జనం ఇప్పటికీ చూస్తున్నది ఆ డ్రానే.

నా ఇరవై రెండో ఏట, ఒక కల్యాణ మంటపంలో పెట్టిన టోర్నమెంట్‌లో నాకంటే ఎంతో పెద్ద ఆటగాడు ఎదురుపడ్డాడు. ముప్పయ్యో ఎత్తుకి నాకొక బంటు ఎక్కువుంది. ఆయన డ్రా అడిగాడు. అడుగుతుంటే గొంతు పెగల్లేదు. ఒప్పుకున్నాను. ఆ గొంతు మరిచిపోలేక కథ రాస్తే, కుర్రాణ్ణి గెలిపిస్తేనే వేస్తామన్నాడు ఒక పత్రిక ఎడిటర్. గెలిపించాను. అచ్చయిన ఆ కథని ఇంతవరకూ ఏ సంపుటిలోనూ చేర్చలేదు. ఇప్పుడు కథల పోటీలవాళ్లూ స్ఫూర్తి, స్ఫూర్తి అంటూ అదే అడుగుతున్నారు. నువ్వు వాళ్ల కోసం రాశావని నా అనుమానం.

ఎత్తులు రాసుకునే కాగితం మీద చెమట పడి అంకె అలుక్కుపోయిందన్నావే, అది మాత్రం నువ్వు కళ్లారా చూసిందే. ఆ చెమట గ్రాండ్‌మాస్టర్‌కి ఇవ్వు. ఆయన గడియారంలో రెండు నిమిషాలే మిగల్చు. ఎత్తు వేసినప్పుడల్లా గడియారంలో 30 సెకన్లు కలిసే ఆటలో, టైమ్ ఎంత తక్కువున్నా ప్రతి ఎత్తూ రాయక తప్పదు. ఆ రాసే చేతిని వదలకుండా రెండు పేజీలు రాసి, దసరాలోపు నాకు పంపు.